పాత లారీ చేయిస్తున్నారా? రంగు కంటే ముందు కింగ్ పిన్ చూడండి

మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డుకు టిక్కీలు తోలే లారీల్లో పాతవీ ఉంటాయి. మనవాళ్లు పాత బండి కొంటే ముందు ఇంజన్ చేయిస్తారు, తర్వాత రంగులేయిస్తారు. ముందు యాక్సిల్ సంగతి చివరికి నెట్టేస్తారు. అసలు ప్రమాదం అక్కడే.

స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం తిరిగేది కింగ్ పిన్ మీద. దానికి పైనా కిందా బుష్‌లు, బరువు మోయడానికి థ్రస్ట్ బేరింగ్ ఉంటాయి. గ్రీజు కొట్టకపోయినా, దుమ్ము చేరినా బుష్ అరుగుతుంది. స్టీరింగ్ ఊగుతుంది, టైరు ఒకవైపే తినేస్తుంది.

ఎలా తెలుస్తుంది? వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి స్టాండ్ వేయండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు కనిపిస్తే ఒకరిని బ్రేక్ తొక్కమనండి. లూజు పోతే వీల్ బేరింగ్‌ది, పోకపోతే కింగ్ పిన్‌ది. పక్కలకు ఊగితే టై రాడ్ ఎండ్‌లు చూడాలి.

పిన్ ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. బుష్‌లు, బేరింగ్, షిమ్‌లతో సెట్టుగా రెండువైపులా మార్చాలి. కొత్త బుష్ దిగ్గొట్టాక పిన్ సైజుకు రీమర్ పట్టించాలి. బుష్ రంధ్రం గ్రీజు నిపుల్ దారికి సరిగ్గా కలవాలి, లేదంటే ఎంత గ్రీజు కొట్టినా లోపలికి పోదు. చివర్లో అలైన్‌మెంట్ తప్పనిసరి.

8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాల్సిందే. కానీ కాగితం కోసమే కాదు, లోడు బండి మీద రాత్రంతా కూర్చునేది మన అబ్బాజానో, భాయిజానో కదా!