లోను కంటే ముందు పది కుండీలు: మన ఎండలో ఆర్కిడ్ క్లబ్బు ఏం నేర్పాలి



ఈ వారం వీడియోలో మిర్చి లేదు, కంది లేదు. ఈపూరులో మా పెరట్లో వేపచెట్టు కింద వేలాడదీసిన ఆర్కిడ్ కుండీలు చూపించాను. "ప్రకృతి వ్యవసాయం చెప్పేవాడివి, ఈ షోకు మొక్కలు నీకెందుకయ్యా" అని కొందరు అడుగుతారు. కారణం ఉంది. 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు మిర్చిని ఊడ్చిపెట్టిన దగ్గర్నుంచి మన పల్నాడులో చాలామంది వేరే దారి వెతుక్కుంటున్నారు. ఆ వెతుకులాటలో ఫోన్లో కనపడే వాటిల్లో ఆర్కిడ్ ఒకటి. షేడ్‌నెట్ కింద ఊదారంగు పూలు, ఒక్కో కాడకి ఇంత రేటు అని చెప్తారు. చూడ్డానికి బాగుంటుంది.

మేం కొద్దిమందిమి నెలకోసారి కూర్చుని మొక్కల మీద మాట్లాడుకుంటాం. అందులో ఒక తమ్ముడు రెండెకరాల మిర్చి పోగొట్టుకున్నాక పాతిక సెంట్లలో ఆర్కిడ్ షేడ్‌నెట్ వేద్దామని లోను కాగితాలు రెడీ చేసుకున్నాడు. అప్పటికి తను ఒక్క ఆర్కిడ్ మొక్కనైనా ఒక ఎండాకాలం దాటించి ఎరగడు. ఆ రోజు మా మాటలన్నీ క్లబ్బు మీదకి మళ్లాయి. నేను చెప్పేది ఒక్కటే. మన దగ్గర ఆర్కిడ్ క్లబ్బు అంటే పూల ప్రదర్శన కాదు, అప్పు చేసే ముందు చదువుకునే బడి.

ముందు లెక్క చూద్దాం

కేంద్రం ఉద్యాన మిషన్ కోసం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇనుప పైపుల షేడ్‌నెట్‌కి చదరపు మీటరుకి 710 రూపాయలు, అందులో ఆర్కిడ్ లేదా ఆంథూరియం మొక్కలు, సాగు ఖర్చుకి మరో 700 రూపాయలు లెక్క కట్టారు. సగం సబ్సిడీ. పాతిక సెంట్లంటే దాదాపు 1,000 చదరపు మీటర్లు. నిర్మాణానికి 7 లక్షల 10 వేలు, మొక్కలకి 7 లక్షలు, మొత్తం 14 లక్షల 10 వేలు. సగం సబ్సిడీ వచ్చినా మన చేతి నుంచి 7 లక్షల 5 వేలు పోవాలి. ఇది పాత రేటు. ఇప్పటి రేటు ఉద్యాన శాఖ ఆఫీసులో గానీ, ఊళ్లో రైతు సేవా కేంద్రంలో గానీ అడగండి.

ల్యాబ్ నుంచి వచ్చిన చిన్న మొక్క పూతకి రావాలంటే రెండు మూడేళ్లు పడుతుంది. వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే నడుస్తుంది. అదే పది కుండీలతో ఏడాది నేర్చుకుంటే, అన్నీ చచ్చిపోయినా పోయేది కొన్ని వేలు.

మన ఎండకి ఏది నిలుస్తుంది

రెంటచింతల మన జిల్లాలోదే. ఎండాకాలం వార్తల్లో ఆ ఊరి పేరు ఎందుకొస్తుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. సిక్కింలో పెంచే సింబీడియంకి పూమొగ్గ పట్టాలంటే రాత్రిళ్లు చల్లగా ఉండాలి. ఇక్కడ ఆకులేస్తుంది గానీ పూత ఆశించలేం. పెళ్లిళ్లలో, బహుమతుల్లో కనపడే ఫెలనాప్సిస్ కూడా కొన్ని వారాలు చల్లదనం దొరికితేనే పూకాడ తీస్తుంది. పైగా మే నెల వడగాలిని అది ఓర్చుకోలేదు.

వేడిని కాస్త తట్టుకునేవి డెండ్రోబియం హైబ్రిడ్లు, వాండాలు, మొకారాలు. కేరళలో కోతపూల కోసం ఎక్కువగా పెంచే సోనియా రకం డెండ్రోబియమే. అయితే కేరళ గాలిలో ఉండే తేమ మన గాలిలో ఉండదు. మన సమస్య ఎండ ఒక్కటే కాదండి, పొడిగాలి కూడా. అందుకే క్లబ్బు మొదటి డబ్బులతో పూలమొక్క కొనకూడదు. మూడు పరికరాలు కొనాలి: గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రత చూపే థర్మామీటర్, గాలిలో తేమ చూపే మీటర్, నీళ్లలో ఉప్పు చూపే టీడీఎస్ మీటర్. డ్వాక్రా సంఘంలో పొదుపు వేసినట్టు నెలకి తలా వంద రూపాయలు వేస్తే కొద్ది నెలల్లో వచ్చేస్తాయి. వాటిని ఇంటింటికీ తిప్పుకోవచ్చు.

నీళ్ల సంగతి మరీ ముఖ్యం. మన బోర్ల నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. టీడీఎస్ 200 లోపుంటే ఆర్కిడ్‌కి మేలు. 500 దాటితే వేరు కొసలు నల్లబడతాయి. వాననీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోవడమే తేలికైన దారి. ఇంట్లో ఆర్ఓ మిషను నుంచి బయటికి పోయే నీళ్లు మాత్రం పోయకండి. తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది.

నెలవారీ కూటంలో ఏం చేయాలి

అమెరికన్ ఆర్కిడ్ సొసైటీ 1921లో మొదలైంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా లోకంలో ఎక్కడ ఆర్కిడ్ క్లబ్బు చూసినా ఒక అలవాటు కనపడుతుంది. ప్రతి సభ్యుడూ మొక్క తెచ్చి బల్ల మీద పెట్టి, ఎక్కడ పెట్టాడో, ఎన్నిసార్లు నీళ్లు పోశాడో చెప్తాడు. మనం దానికి ఒక మాట కలుపుదాం. బాగున్న మొక్కతో పాటు చచ్చిపోతున్న మొక్క కూడా తేవాలి. ఎక్కువ నేర్పేది రెండోదే.

మన వాతావరణాన్ని బట్టి ఏడాది పాఠాలు ఇలా వేసుకోవచ్చు.

జూన్, జులై: కుండీ మార్చడం. కొత్త వేర్లు పుట్టే కాలమిది. మట్టి వద్దు. కట్టెబొగ్గు, పెంకుముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు చాలు. ఈ వేరుకి పైన తెల్లటి స్పాంజి లాంటి పొర ఉంటుంది. తడిస్తే పచ్చబడుతుంది, ఆరితే తెల్లబడుతుంది. నీళ్లు ఎప్పుడు పోయాలో ఆ రంగే చెప్తుంది. మట్టిలో పెడితే గాలాడక కుళ్లిపోతుంది.

ఆగస్టు, సెప్టెంబరు: నత్తలు, ఆకుమచ్చ, కుళ్లు. రాత్రి టార్చిలైటుతో నత్తలు ఏరే పని పిల్లలకి అప్పజెప్పండి, సరదాగా చేస్తారు.

అక్టోబరు, నవంబరు: పిలకలు తీయడం. డెండ్రోబియం కాడ మీద పుట్టే పిల్లమొక్కని కేకీ అంటారు. హవాయి భాషలో బిడ్డ అని అర్థం. వేర్లు రెండు మూడంగుళాలు వచ్చాక కోసి వేరే కుండీలో పెట్టాలి. ఒక మొక్క కోసిన బ్లేడుని మంటలో కాల్చకుండా ఇంకో మొక్కకి వాడకూడదు. సింబీడియం మొజాయిక్ లాంటి వైరస్‌లు రసంతోనే అంటుకుంటాయి, వాటికి మందు లేదు. మొక్కలు ఇచ్చిపుచ్చుకునే క్లబ్బుకి ఇది మొదటి నియమం.

డిసెంబరు, జనవరి: నీళ్లు తగ్గించడం. పుస్తకంలో రాసుకున్న లెక్కలు ఒకరివి ఒకరు చూసుకోవడం.

ఫిబ్రవరి నుంచి మే: అసలు పరీక్ష. రెండో పొర నెట్టు, కింద తడి ఇసుక, పొద్దున్నే నీళ్లు, మధ్యాహ్నం నేల తడపడం. ఎవరి కుండీల దగ్గర ఎన్ని డిగ్రీలు, ఎంత తేమ అనేది రోజూ మధ్యాహ్నం రెండు గంటలకి రాయాలి. లోను మాట ఈ నాలుగు నెలల లెక్క చేతికొచ్చాకే.

జీవామృతం పనికొస్తుందా

ఈ ప్రశ్న మీరు అడుగుతారని తెలుసు. ద్రవ జీవామృతం మనం మట్టి కోసం చేసేది. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి. అది నేలలోని సూక్ష్మజీవుల్ని నిద్రలేపుతుంది. ఆర్కిడ్ కుండీలో నేలే లేదు, బొగ్గు, పెంకులే ఉన్నాయి. కాబట్టి మిర్చిలో చేసిన పని ఇక్కడా చేస్తుందని నమ్మకంగా చెప్పలేం. చిక్కగా పోస్తే పిండి, బెల్లం వేళ్లకి అంటి చీమలు, బూజు రావచ్చు.

అందుకే దీన్ని వాదనగా కాకుండా ప్రయోగంగా పెట్టుకుందాం. ఒకే రకం, ఒకే వయసు మొక్కలు పన్నెండు తీసుకోండి. నాలుగింటికి నీళ్లు మాత్రమే. నాలుగింటికి రెండుసార్లు గుడ్డలో వడకట్టిన జీవామృతం, 20 లీటర్ల నీళ్లకి ఒక లీటరు చొప్పున పది రోజులకోసారి, మర్నాడు మామూలు నీళ్లతో కడగాలి. మిగతా నాలుగింటికి నర్సరీ వాళ్లు వాడే పలచటి ఎరువు. అన్నీ ఒకే నెట్టు కింద ఉండాలి. ఏడాది పాటు కొత్త కాడలు, ఆకులు, పూకాడలు లెక్కపెట్టండి. ఫలితం మనకి నచ్చినా నచ్చకపోయినా వీడియోలో చూపిస్తాను. ప్రకృతి వ్యవసాయానికి మర్యాద దక్కేది అలా చూపించినప్పుడే.

ఇంకో మాట. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, ఒక్క కాయలో లక్షల్లో ఉండొచ్చు. మిగతా విత్తనాల్లా దానికి సొంత తిండి మూట ఉండదు. ఒక రకం బూజు దాన్ని చేరి తిండి పెడితేనే మొలుస్తుంది. 1899లో నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇది కనిపెట్టాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ ఆ బూజు లేకుండానే చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించాడు. ఇవాళ ల్యాబుల్లో సీసాల్లో పెంచే మొక్కలకి మూలం అదే. నేలలో కనపడని జీవం లేకపోతే మొలకే లేదని రోజూ చెప్పుకునే మనకి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది?

చెట్టు మీది బదనిక

బదనిక అనే మాటని చెట్టు మీద మొలిచిన మొక్కలకి కలిపి వాడేస్తుంటాం. అందులో రెండు వేరే జాతులున్నాయి. ఒకటి మామిడి కొమ్మలోకి వేరు దించి రసం పీల్చే పరాన్నజీవి, దాన్ని కోసేయాల్సిందే. రెండోది వాండా టెస్సలాటా అనే అడవి ఆర్కిడ్. దీని వేర్లు బెరడుని పట్టుకుంటాయి గానీ లోపలికి దిగవు. వాననీళ్లు, బెరడు మీది చెత్తే దాని తిండి. లావాటి తెల్లటి వేర్లు బయటికి వేలాడుతుంటే, ఆకులు పట్టీల్లా రెండు వరసల్లో ఉంటే అది ఆర్కిడ్. పసుపు, గోధుమ రంగు గళ్ల పూలకి ఊదా పెదవి, మంచి వాసన.

తేడా తెలియక రెండూ నరికేస్తున్నాం. పాత మామిడితోట కొడితే దాని మీద ఉన్నవన్నీ పోతాయి. భారత వృక్ష సర్వే సంస్థ 2019లో వేసిన పుస్తకం ప్రకారం మన దేశంలో 1,256 ఆర్కిడ్ జాతులున్నాయి. వాటిలో 388 ఇంకెక్కడా లేవు. క్లబ్బు సభ్యులు ఏడాదికోసారి పాత తోటలు తిరిగి, ఏ చెట్టు మీద ఏముందో ఫొటో తీసి రాసుకుంటే అదే పెద్ద చదువు. పీకి తేవడం మాత్రం వద్దు. నీలి వాండా, లేడీస్ స్లిప్పర్ లాంటివి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో ఉన్నాయి. దేశాలు దాటే వ్యాపారంలో మొత్తం ఆర్కిడ్ కుటుంబం మీదే ఆంక్షలున్నాయి. "అడవి నుంచి తెచ్చిన మొక్క, చవగ్గా ఇస్తా" అని ఎవరన్నా వస్తే క్లబ్బు కొనకూడదు.

ఎక్కడికెళ్లి నేర్చుకోవాలి

దగ్గర్లో అంటే కడియం నర్సరీలు. మొక్క ఎక్కడ పెరిగింది, ఇక్కడికొచ్చి ఎన్నాళ్లయింది, ఏ నీళ్లు పోస్తున్నారు అని అడగండి. పూవు చూసి కాదు, వేరు చూసి కొనండి. పశ్చిమగోదావరి జిల్లా వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, ప్రశ్నలు రాసుకుని గుంపుగా వెళ్లొచ్చు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా జరుగుతుంటుంది. బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శన జనవరిలో, ఆగస్టులో ఉంటుంది. ఆ ఊళ్లోనే కర్ణాటక ఆర్కిడ్ సొసైటీ ఉంది, క్లబ్బు ఎలా నడపాలో వాళ్లని చూసి నేర్చుకోవచ్చు. తమిళనాడులో సేలం దగ్గర ఏర్కాడులో వృక్ష సర్వే సంస్థ ఆర్కిడ్ వనం ఉంది. సాగు మీద లోతైన శిక్షణ కావాలంటే సిక్కింలో పాక్యోంగ్ దగ్గర 1996లో పెట్టిన జాతీయ ఆర్కిడ్ పరిశోధన కేంద్రం ఉంది. అయితే అది కొండప్రాంతం. అక్కడ విన్నది ఇక్కడికి ఎంతవరకు సరిపోతుందో మన థర్మామీటరే చెప్పాలి.

మార్కెట్ కూడా పాఠమే. నరసరావుపేట, గుంటూరు, విజయవాడ పూల దుకాణాల్లో పన్నెండు నెలలు అడగండి. ఈ నెల ఎన్ని కాడలు అమ్మారు, ఎంతకి కొన్నారు, ఎక్కడి నుంచి వచ్చాయి. థాయ్‌లాండ్ నుంచి విమానంలో దిగే పూలతో మన కాడ పోటీ పడాలి. మూఢం నెలల్లో రేటు ఎంతకి పడుతుందో రాయని పుస్తకం చూసి బ్యాంకుకి వెళ్లకూడదు.

పైన చెప్పిన తమ్ముడు కాగితాలు బీరువాలో పెట్టాడు. పన్నెండు డెండ్రోబియం కుండీలు, ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాడు. షేడ్‌నెట్ వేస్తాడో, వేయడో తన లెక్క చూసి తనే తేల్చుకుంటాడు.

మీ ఊళ్లో ఐదుగురున్నా చాలు, మొదలుపెట్టొచ్చు. ఆదివారం సాయంత్రం పాలు పితికాక ఒక గంట కూర్చోండి. మొదటి కూటానికి ప్రతివాళ్లూ ఇంటి నీళ్లు ఒక సీసాలో తెచ్చుకోండి. టీడీఎస్ మీటర్ ముంచి అంకె రాసుకోండి. క్లబ్బు మొదటి పాఠం అదే. ఆ మీటర్ ఎలా చూడాలో వచ్చే వీడియోలో చూపిస్తాను. ఉంటానండి.