మేడ మీదికి రాని తరంగాలు

2020లో కరోనా వల్ల బడులు మూసినప్పుడు, పటాన్‌చెరులో మా పదో తరగతి కుర్రవాడొకడు రోజూ మెట్లమీద కూర్చొని పాఠం వినేవాడు. వైఫై రౌటరు ముందుగదిలో ఉంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు ఆ గదిలోనే నిద్రపోవాలి. మేడమీది గదిలోనేమో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించేది. ఎందుకో ఆలోచించారా?

వైఫై తరంగాలు కూడా కాంతిలాంటి విద్యుదయస్కాంత తరంగాలే. వీటి పౌనఃపున్యం 2.4 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 240 కోట్ల కంపనాలు. కాంతి వేగాన్ని, అంటే సెకనుకు 30 కోట్ల మీటర్లను, దీనితో భాగించండి. తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు వస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కి ఎంతో మీరే కట్టి చూడండి. ఇటుక గోడ ఈ తరంగాలను కొంత మింగుతుంది. కాంక్రీటు ఇంకా ఎక్కువ మింగుతుంది. స్లాబులోని ఇనుప చువ్వలు కొంత వెనక్కి తిప్పికొడతాయి. మన ఫ్యాక్టరీ షెడ్ల ఇనుప రేకులైతే దాదాపు పూర్తిగా తిప్పికొడతాయి!

"రౌటరు శక్తి పెంచితే సరి కదా మాస్టారూ?" అంటారేమో. రౌటరు ఎంత గట్టిగా అరిచినా, ఫోను తన చిన్న గొంతుతో బదులు చెప్పాలి కదా! పైగా మన దేశంలో 2005 నుంచి ఈ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది తక్కువ శక్తి పరికరాలకే.

మాట అందించే రిపీటరు ఒకటి దొరుకుతుంది. కాని మామూలు రకం ఒకే చానల్‌మీద ముందు వినాలి, తర్వాత తిరిగి చెప్పాలి. వేగం సుమారు సగమవుతుంది. అందుకే మేము మెట్ల వెంట నెట్‌వర్క్ కేబులు లాగి, పైన రెండో రౌటరు పెట్టాం. (కేబులును కరెంటు తీగల గొట్టంలో దూర్చకండి.) రెండింటికీ పేరు, పాస్‌వర్డు ఒకటే. చానళ్ళు మాత్రం వేరు: కింద 1, పైన 6. ఒక్కో చానల్‌కూ మధ్య 5 మెగాహెర్ట్జే ఎడం, ప్రసారానికేమో సుమారు 20 కావాలి. అందుకే 1, 6, 11 ఒకదానిమీద ఒకటి పడకుండా ఉంటాయి.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. ఫోన్లకు చిరునామాలు పంచే పని ఇంట్లో ఒక్క రౌటరే చేయాలి. పైదానిలో ఆ పని ఆపకుండానే తగిలించాను. ఇద్దరు గుమాస్తాలు వేర్వేరు లెక్కలతో టోకెన్లు పంచినట్టయింది! ఫోను "కనెక్టయింది" అంటుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. చెడిపోయిందనుకొని దాన్ని కొట్టుకు కూడా మోసుకెళ్ళాను. ఆ పని ఆపి, పైదాని సొంత చిరునామా మార్చి, కేబులును 'ఇంటర్నెట్' అని రాసిన రంధ్రంలో కాక పక్కదానిలో పెట్టాక సరిపోయింది.

మర్నాడు కుర్రవాడు మేడగదిలోంచే హాజరు పలికాడు. మెట్లెక్కుతుంటే ఒక్కోసారి ఫోను కింది రౌటరునే పట్టుకొని వదలదు. ఎప్పుడు మారాలో చాలావరకు తేల్చుకునేది ఫోనే మరి. అప్పుడు వాడు వైఫై ఆపి మళ్ళీ వేస్తాడు.