ఆల్చిప్ప: చేపపై నెక్కి ఖండములు తిరిగిన ప్రాణి

మట్టపల్లి వద్ద కృష్ణ యిసుకలోను, మన చెరువుల బురదలోను ఆల్చిప్పను చూడనివారు మీలో నుండరు. దానిని బండపై అరగదీసి, నడుమ రంధ్రము చేసి మామిడికాయ చెక్కు తీయుట మన యిండ్లలో పాత యలవాటు. అయినను ఆ చిప్పలో కాపురముండు ప్రాణి చేయు మేలు నెరిగినవారు తక్కువ.

శాస్త్రజ్ఞులు దీనిని యూనియనిడే యను కుటుంబమున చేర్చిరి. మన చెరువులలో సాధారణముగ కనబడు జాతి పేరు లామెల్లిడెన్స్ మార్జినాలిస్. ఈ కుటుంబము ఆసియా, ఆఫ్రికా, ఐరోపా, ఉత్తర అమెరికా ఖండములయందు వ్యాపించియున్నది. దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా నదులలో మాత్రము స్వతస్సిద్ధముగ లేదు. అచ్చట దీని దాయాదులగు వేరు కుటుంబముల చిప్పలు కలవు.

గజము దూరము జరుగుటకే ప్రయాసపడు నీ ప్రాణి యింత దూర మెట్లు పోయెను? చేపలే దీనికి వాహనములు. తల్లిచిప్ప గ్రుడ్లను తన మొప్పలలో పొదిగి, మిక్కిలి చిన్నవగు పిల్లలను నీటిలో విడుచును. అవి చేపల మొప్పలనో రెక్కలనో కరచుకొని కొన్నాళ్లు పెరిగి, చేప పోయినచోట అడుగునకు దిగి స్థిరపడును. కావున చేప లేనిచో చిప్ప వంశము నిలువదు.

ఇక దీని మేలు వినుడు. ఇసుకలో సగము పూడుకొని, నీటిని లోనికి పీల్చి, అందలి నాచును, సూక్ష్మజీవులను తిని, తేటనీటిని వెలికి విడుచును. ఒక్కొక్క చిప్ప దినమునకు పలు లీటర్ల నీటిని వడపోయును. కూలి యడుగని పనివాడు!

అమెరికాలోని మస్కటీన్ పట్టణమున 1891లో నదీ చిప్పలతో గుండీలు చేయు పరిశ్రమ మొదలైనది. మిస్సిసిప్పీ నదిలో మితిమీరి తీయుటచే చిప్పలు తరిగెను. తరువాత ఆనకట్టలును, మురికినీరును మిగిలినవానిని దెబ్బతీసెను. ఆ దేశమున పలు జాతులు నేడు పూర్తిగ నశించినవి.

మన కృష్ణకును ఆనకట్టలు కలవు. సాగర్ కాలువలకు 1967లో నీరు వదలబడుటచేతనే మన మాగాణి పండుచున్నది. వాని నెవరును వలదనరు. విషమును మాత్రము మనము మానవచ్చును. స్ప్రేయరును, మందు డబ్బాలను కాలువలో కడుగరాదు. డబ్బా కడిగిన నీటిని పిచికారి ద్రావణములోనే కలుపవలెను. మందుపోసి చేపలు పట్టరాదు. చెరువు పూడిక తీయునపుడు ప్రాణముతోనున్న చిప్పలను మరల నీట విడువవలెను. ఈ మాత్రము చేసినచో మన బిడ్డలకును తేటనీరు మిగులును.