100 బార్ ప్రెషర్ టేబుల్ మీదా?

ఈరోజు ఫ్లో రియాక్టర్ల గురించి మాట్లాడుకుందాం.

హైడ్రోజనేషన్ అనగానే మనకి గుర్తొచ్చేది ఆటోక్లేవ్. మందపాటి స్టీలు పాత్ర, చుట్టూ బోల్టులు, పక్కన హైడ్రోజన్ సిలిండర్. అదే పనిని ఇప్పుడు టేబుల్ మీద, సన్నటి గొట్టంలో 100 బార్ దగ్గర చేస్తున్నారు. మరి ప్రమాదం కాదా?

ప్రెషర్ ఎంత అన్నది సగం ప్రశ్నేనండీ. ఆ ప్రెషర్ కింద ఎంత సరుకుంది అన్నది మిగతా సగం. లీటరు పాత్రలో 100 బార్ గ్యాస్ ఉండి అది పగిలితే పక్కనున్న మనిషి ప్రాణానికే ముప్పు. 1 మిల్లీమీటరు గొట్టాన్ని చుట్టగా చుడితే అందులో పట్టేది మహా అయితే 10 మిల్లీలీటర్లు. పైగా, 10 సెంటీమీటర్ల వెడల్పు పాత్రతో పోలిస్తే అంతే ద్రవానికి ఇక్కడ తగిలే గోడ వంద రెట్లు ఎక్కువ. రియాక్షన్‌లో పుట్టిన వేడి వెంటనే బయటికి పోతుంది.

ప్రెషర్ నిలబెట్టేది ఏమిటి? మన కుక్కర్ మీద వెయిట్ లాంటిదే. గొట్టం చివర బ్యాక్ ప్రెషర్ రెగ్యులేటర్ ఉంటుంది, పెట్టిన ప్రెషర్ దాటితేనే దారి ఇస్తుంది. ఇవతల నుంచి పంపు తోస్తూనే ఉంటుంది. మెథనాల్ మామూలుగా 65 డిగ్రీల దగ్గర మరిగిపోతుంది కదా, 30 బార్ పెడితే 150 డిగ్రీల్లోనూ ద్రవంగానే ఉంటుంది. ఇక టైమ్ అంటారా, 10 మిల్లీలీటర్ల గొట్టంలోకి నిమిషానికి 1 మిల్లీలీటరు పంపితే 10 నిమిషాలు. అంతే లెక్క.

బుడాపెస్ట్‌లోని థేల్స్‌నానో వాళ్ల హెచ్-క్యూబ్ అయితే నీటిని కరెంటుతో విడగొట్టి, కావలసిన హైడ్రోజన్‌ని అప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది. సిలిండర్ అక్కర్లేదు. నాకు అంతకన్నా నచ్చింది క్యాటలిస్టు సంగతి. రియాక్షన్ అయ్యాక పల్లాడియం-కార్బన్‌ని ఫిల్టర్ చేస్తుంటే, అది కాస్త ఆరి గాలి తగిలితే చాలు, అంటుకుంటుంది. ఇక్కడ అది చిన్న కార్ట్రిడ్జ్‌లోనే ఉండిపోతుంది, పొడిని మనం ముట్టుకోము.

అన్నిటికీ పనికొస్తుందా అంటే, లేదు. ముద్దగా ఉన్నదీ, మధ్యలో గడ్డకట్టేదీ దీనికి పడవు. గొట్టం మూసుకుపోతే పంపు తోస్తూనే ఉంటుంది, ప్రెషర్ ఎక్కుతూనే ఉంటుంది. అందుకని ముందు ప్రోడక్ట్ కూడా ఆ సాల్వెంట్‌లో కరుగుతుందో లేదో చూసుకోండి. పంపుకి ప్రెషర్ లిమిట్ పెట్టాకే స్విచ్ వేయండి. ఆపేటప్పుడు గొట్టం చల్లబడేదాకా రెగ్యులేటర్ వదలకండి. 150 డిగ్రీల మెథనాల్ మీద ప్రెషర్ తీసేస్తే ఒక్కసారిగా ఆవిరై చిమ్ముతుంది.