పందుల కాపలాకు తుపాకి: కొనేముందు ఇవి చూసుకోండి

శెనక్కాయ ఊడలు దిగి, కాయలో పప్పు గట్టిపడే రోజులు రాగానే వెలిగొండల కింది పల్లెల్లో రాత్రి నిద్ర కరువవుతుంది. సీతారామపురం, ఉదయగిరి, మర్రిపాడు మెట్టల్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: "రాత్రి మా చేలో పందులు పడ్డాయి." మంద ఒక్కసారి దిగిందంటే మడక తోలినట్టే. పొద్దున గట్టు మీద నిలబడి చూసే రైతుకు కడుపు మండదా మరి. తుపాకి మాట అప్పుడే వస్తుంది.

ఆత్మకూరు వైపు రైతు ఒకాయన అడిగాడు: "మా పిల్లోడు అమెరికాలో ఉండాడు సార్. అక్కడ కింద మ్యాగజైన్ తగిలించుకుని, మీట నొక్కినప్పుడల్లా ఒక తూటా పేలే పన్నెండు బోరు తుపాకి చౌకగానే దొరుకుద్దంట. అట్టాంటిది మనకు యాడ దొరుకుద్ది?" మీలో ఇంకొందరికీ ఈ ఆలోచన ఉండొచ్చు. కనుక ముందు దాని సంగతే చూద్దాం.

రష్యాలోని ఇజెవ్‌స్క్‌లో పుట్టిన సైగా-12 ఈ రకానిదే. తూటా పేలినప్పుడు పుట్టే గ్యాసులో కొంత వెనక్కి మళ్ళి ఖాళీ తొడుగును బయటికి విసురుతుంది. కింది పెట్టెలోంచి మరో తూటా దానంతటదే గొట్టంలోకి ఎక్కుతుంది. తర్వాత టర్కీ కర్మాగారాలు ఇట్లాంటివే తక్కువ ధరకు చేసి అమెరికా అంగళ్ళకు పంపాయి. చౌక రకాలతో వచ్చే చిక్కు ఏమిటంటే, తూటాలో బలం చాలకపోతే తొడుగు సగం బయటికొచ్చి ఇరుక్కుంటుంది. మ్యాగజైన్ అంచు కాస్త వంగినా, తూటా చెమ్మకు ఉబ్బినా అంతే. చీకట్లో దెబ్బతిన్న పంది ఎదురు తిరిగినప్పుడు తుపాకి ఇరుక్కుపోతే మన గతేంటి?

ఇదంతా చెప్పుకోవడానికే గానీ, ఆ తుపాకి మనకు దొరికేది కాదు. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నిబంధనల్లో ఇట్లాంటి అర్ధ స్వయంచాలక తుపాకుల్ని మొదటి వర్గంలో, అంటే ఆంక్షలున్న ఆయుధాల్లో పెట్టారు. కలెక్టరు గారు రైతుకిచ్చే లైసెన్సు మీద దాన్ని కొనలేరు. పిల్లోడు సూట్‌కేసులో పెట్టుకొచ్చేదీ కాదు. తెచ్చాడంటే విమానాశ్రయంలోనే కేసు. దాని ఆశ వదిలేయండి.

మరి రైతుకు చట్టం ఏమిచ్చింది? ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ మాట స్పష్టంగానే ఉంది. నిజంగా పంట కాపలాకే అయితే గొట్టం మూతి నుంచి మందు కూరి దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చు. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే, గొట్టం 20 అంగుళాలకు తగ్గకుండా, లోపల నున్నగా ఉండే వేరే తుపాకికి ఇవ్వొచ్చు. ఒంటి గొట్టం, జంట గొట్టాల పన్నెండు బోరు తుపాకులు ఈ కోవలోవే. మీరు ఎంచుకోవాల్సింది ఈ రెంటిలోనే.

దరఖాస్తు కలెక్టరేటుకు వెళ్తుంది. పోలీసు విచారణ ఉంటుంది. 2016 నుంచి తుపాకి భద్రతలో శిక్షణ పొందినట్టు కాగితం కూడా కావాలి. పొలం కాగితాలు, పంట పోయినప్పుడు ఇచ్చిన అర్జీల నకళ్ళు జతచేయండి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు 5 ఏళ్ళు. మనిషికి రెండు తుపాకులకు మించి కుదరదు. పెనుసిల నరసింహ అభయారణ్యానికి దగ్గరి ఊళ్ళవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అభయారణ్యం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్సు ఇవ్వాలంటే వన్యప్రాణి విభాగం ముఖ్య అధికారి ముందుగా ఒప్పుకోవాలి. ఇదంతా అయ్యేసరికి ఒక పంటకాలం దాటిపోవచ్చు. ఎన్నికలొస్తే తుపాకి ఠాణాలో అప్పజెప్పమంటారు, చేలో కాయ ఉందా లేదా అని చూడరు.

లైసెన్సు చేతికొచ్చిందనుకుందాం. కొత్తది కొనాలా, పాతదా? తాతల నాటి జంట గొట్టాల తుపాకులు డీలర్ల దగ్గర అమ్మకానికి పడి ఉంటాయి. మంచిది దొరికితే పాతదే నయమని నా అభిప్రాయం. చూసుకోవడం మాత్రం ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూసినంత జాగ్రత్తగా చూసుకోవాలి. ముందు తుపాకిని విరిచి రెండు గొట్టాలూ ఖాళీయేనని కళ్ళతో చూడండి, వేలితో తడమండి. తర్వాత గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి లోపల చూడండి. వెలుగు వలయాలు సమంగా కనిపించాలి. ఒకచోట నల్లటి ఉంగరంలా కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బిందన్నమాట. గుంటలు పడి తుప్పు తిన్నదైతే బేరమే ఆడొద్దు. గొట్టం పైన తీగలు మెలేసినట్టు డిజైను ఉందా? అది పాతకాలం నల్లమందుకు చేసింది. నేటి తూటా వేస్తే చేతిలోనే పగలొచ్చు. ఎంత అందంగా ఉన్నా గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

గొట్టాల కింది చెక్క ఊడదీసి, తుపాకి మూసి ఊపండి. కీలు దగ్గర కటకటమంటే అరిగిపోయినట్టే. ఖాళీ తుపాకి మీటను ఎక్కుపెట్టి, మడమను నేలకు మెల్లగా తట్టండి. దానంతటది పడిందంటే అది మీ ఇంట్లో ఎవరో ఒకరి ప్రాణం తీస్తుంది. కర్ర సన్నబడిన చోట చీలిక ఉందేమో చూడండి. చివరగా తూటా గది పొడవు. పాతవాటిలో 65 మిల్లీమీటర్లు, కొత్త తూటాలు చాలావరకు 70. చిన్న గదిలో పెద్ద తూటా పట్టినట్టే ఉంటుంది, పేలినప్పుడు మాత్రం తొడుగు నోరు తెరుచుకోను చోటుండదు, ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం మీద చెక్కిన అంకె చదవడం రాకపోతే తెలిసిన తుపాకి మిస్త్రీకి చూపించండి. ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

కొత్తదే కావాలంటే ఒంటి గొట్టం చౌక, తేలిక, చెడిపోయే భాగాలు తక్కువ. రెండో దెబ్బ ఉండదన్న లోటు ఉంది గానీ, బెదరగొట్టి తోలడానికి ఒక మోత చాలు.

తూటాల లెక్క కూడా తెలియాలి. ఎల్జీ, ఎస్జీ అనేవి పెద్ద గుండ్లవి. పంది మీద ఇవి నమ్మకంగా పనిచేసేది 30 మీటర్ల లోపలే, కానీ తప్పిన గుండు అర కిలోమీటరు దాకా పోగలదు. ఆ పక్క చేలో మంచె మీద మీలాగే ఇంకో రైతు కాపలా పడుకుని ఉంటాడు. చీకట్లో కదిలిందల్లా పంది కాదు. టార్చి వెలుగులో జంతువును పూర్తిగా చూడందే, దాని వెనక ఏముందో తెలియందే మీట మీద వేలు పెట్టొద్దు. ఇంట్లో తుపాకి ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉండాలి.

తుపాకి లైసెన్సు వేరు, పందిని చంపే అనుమతి వేరు. ఇక్కడే మనవాళ్ళు చాలామంది ఇరుక్కుంటారు. 1972 వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు ముప్పని రాతపూర్వకంగా అనుమతి వస్తేనే చంపాలి. ముందు అటవీ రేంజి ఆఫీసులో అర్జీ పెట్టండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పంట నష్టానికి పరిహారం అడగడానికీ ఆ నకలే ఆధారం. అనుమతితో చంపినా ఆ కళేబరం ప్రభుత్వానిది. కూర వండుకుంటే మళ్ళీ కేసు. నెమలి మొదటి షెడ్యూల్‌లోది, గింజలు ఎంత తిన్నా దాని జోలికి పోవద్దు.

లైసెన్సు లేని నాటు తుపాకి పట్టుబడితే 2019 సవరణ తర్వాత రెండేళ్ళకు తగ్గకుండా జైలు. కంచెకు నేరుగా కరెంటు తగిలించడం దానికన్నా ఘోరం. పంది కోసం పెట్టిన తీగకు నీళ్ళు కట్టడానికి పోయిన సొంత మనుషులే బలైన ఊళ్ళున్నాయి. సోలార్ కంచె పద్ధతి వేరు. అది క్షణంపాటు కొట్టి వదులుతుంది, బెదిరిస్తుందే గానీ ప్రాణం తీయదు. ఇద్దరు ముగ్గురు గట్టు రైతులు కలిసి వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు.

ఈ పంటకు మాత్రం తుపాకి అందదు. శాస్త్రవేత్తలు పరీక్షించి చెప్పిన పద్ధతి ఒకటుంది. రబీ శెనక్కాయ చుట్టూ కుసుమ నాలుగు వరసలు దట్టంగా వేయండి, ముళ్ళకు పందులు జంకుతాయి. మొక్కజొన్న చుట్టూ అయితే ఆముదం, దాని వాసన ముందు కంకి వాసన పందికి తగలదు. శెనక్కాయ విత్తేరోజే ఈ వరసలూ పడాలి. పందులు దిగాక వేస్తే లాభం లేదు.