మన నిమ్మకాయతో టార్ట్ అవుతుందా? అపోహలు – వాస్తవాలు

లెమన్ టార్ట్ వంటకం ఏది చూసినా ‘నాలుగు లెమన్లు పిండండి’ అంటుంది. మనం నాలుగు నిమ్మకాయలు పిండుతాం, గిన్నె అడుగు తడుస్తుందంతే. ‘మన కాయలు పనికిరావు’ అని తీర్పు చెప్పేసి వాటిని పులిహోరకు పంపేస్తాం. కాయల తప్పేమీ లేదు.

అపోహ: లెమన్, నిమ్మకాయ ఒకటే.

వాస్తవం: లెమన్ కోలగా, పసుపుగా, మందపాటి తొక్కతో ఉండే వేరే పండు. గూడూరు నుంచి బస్తాల్లో వచ్చేదైనా, తిరుపతి పరిశోధన కేంద్రం ఇచ్చిన బాలాజీ రకమైనా, మన నిమ్మ లైమ్ జాతి. ఫ్లోరిడా దక్షిణపు కొసన ఉన్న దీవుల్లో పేరుకెక్కిన కీ లైమ్‌ది కూడా ఇదే జాతి. అక్కడ ‘కీ’ అంటే తాళంచెవి కాదు, స్పానిష్ ‘కాయో’ నుంచి వచ్చిన మాట, చిన్న దీవి అని అర్థం. (మన ‘కాయ’కూ దానికీ చుట్టరికం లేదు లెండి.) ఆ కాయతో చేసే కీ లైమ్ ‘పై’ని 2006లో ఫ్లోరిడా తన అధికారిక ‘పై’గా ప్రకటించుకుంది. ఊరగాయ కోసం అమెరికా సూపర్ మార్కెట్లలో వెతికే తెలుగువాళ్లు కూడా గింజల్లేని పెద్ద పచ్చ కాయలను వదిలి, చిన్న వలసంచుల్లో ఉండే ఈ కాయలనే తీసుకోవాలి. టార్టుకు తేడా లెక్కలోనే: పెద్ద లెమన్ ఒకటి మూడు పెద్ద చెంచాల రసమిస్తే, మన కాయ ఒక చెంచా ఇస్తే గొప్ప. అందుకే కాయలు లెక్కపెట్టకండి, రసం కొలవండి.

అన్నట్టు, లైమ్ ‘పై’ పచ్చగా ఉండాలనుకోవడమూ అపోహే. లేత పసుపే దాని అసలు రంగు. పచ్చగా కనిపించిందంటే రంగు కలిపారన్నమాట.

అపోహ: పాలల్లో నిమ్మరసం పిండితే విరిగిపోతాయి.

వాస్తవం: మామూలు పాలైతే విరుగుతాయి, పనీర్ చేసేది అలాగే. కండెన్స్‌డ్ మిల్క్ మాత్రం విరగదు, చిక్కబడుతుంది. పులుపు తగిలితే పాల ప్రోటీన్ ముద్దకట్టడం రెండింటిలోనూ జరిగేదే. పల్చటి పాలల్లో ఆ ముద్దలు నీటి నుంచి విడిపోతాయి. కండెన్స్‌డ్ మిల్క్‌లో నీళ్లు తక్కువ, పంచదార, ప్రోటీన్ ఎక్కువ. విడిపోయే చోటు లేక మొత్తం ఒకే ముద్దగా గట్టిపడుతుంది. గెయిల్ బోర్డెన్ 1856లో పేటెంటు పొందిన ఈ డబ్బా పాలు, తాజా పాలు కరువైన ఆ దీవుల్లో ఇంటింటి సరుకయ్యాయి. టార్టులో పోసే మిశ్రమానికి 400 గ్రాముల డబ్బాకు 120 మిల్లీలీటర్ల రసం, నాలుగు పచ్చసొనలు చాలు.

ఇక్కడే ఇంకో అపోహ, ఇది ప్రమాదకరం కూడా: పులుపుకే గుడ్డు ఉడుకుతుంది, ఓవెన్ అక్కర్లేదని. చిక్కబడటం వేరు, ఉడకడం వేరు. గుడ్డులో ఉండగల సాల్మొనెల్లా బ్యాక్టీరియా పోవాలంటే మిశ్రమం మధ్యలో 71 డిగ్రీల వేడి తగలాలి. 175 డిగ్రీల ఓవెన్‌లో పావుగంట ఉంచండి. అంచులు బిగిసి, నడుమ జున్నులా కదులుతుంటే తీసేయండి. పైన పగుళ్లు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

అపోహ: తొక్క ఎంత తురిమితే అంత వాసన.

వాస్తవం: రసంలో ఉన్నది పులుపు, వాసన తొక్క పైపొరలోని నూనె తిత్తుల్లో ఉంటుంది. దాని కింది తెల్లపొర చేదు. మన నిమ్మను కాగ్జీ నిమ్మ అనేది తొక్క కాగితంలా ఉంటుందనే. తురుముపీట మీద రెండోసారి రాస్తే చేదులోకి దిగినట్టే. ఆ కాస్త తురుమును పంచదారతో వేళ్ల మధ్య నలపండి. పంచదార పలుకులు నూనెను బయటికి లాగుతాయి.

అపోహ: టార్టు అడుగున ఉండే క్రస్టుకు రోజ్‌మేరీ, థైమ్ ఉండి తీరాలి.

వాస్తవం: థైమ్ వాసనకు మూలం థైమాల్. మన వాములో అది దండిగా ఉంది. 200 గ్రాముల మైదా, 100 గ్రాముల చల్లటి వెన్న, 50 గ్రాముల పంచదార పొడి, ఒక పచ్చసొన, నలిపిన వాము అర టీ చెంచా. అంతకు మించితే కషాయం వాసనే. ఈ సువాసనలు నీళ్లకంటే కొవ్వులో బాగా కరుగుతాయి గనక వామును ముందు వెన్నలో కలపండి. రోజ్‌మేరీ దొరికి, అది ఎండుదైతే, పచ్చిదానిలో మూడోవంతు చాలు.

పిండిని మర్దించే కొద్దీ బాగుంటుందనేది చపాతీకి నిజం. మొదటిసారి నేనూ అలాగే పిసికాను. ఓవెన్‌లో అంచులు జారిపోయి టార్టు కాస్తా అప్పచ్చి అయింది. పిసికితే గ్లుటెన్ సాగుతుంది, వేడికి ముడుచుకుంటుంది. ముద్ద కట్టగానే ఆపి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, వత్తి టార్టు పళ్లెంలో పరవండి. పైన కాగితం, దాని మీద బరువుకు గుప్పెళ్ల కొద్దీ శనగలు వేసి, 180 డిగ్రీల్లో పావుగంట కాల్చండి. శనగలు తీసేసి ఇంకో పది నిమిషాలు ఉంచి, అప్పుడు నిమ్మ మిశ్రమం పోయండి. ఆ శనగలు మళ్లీ వండటానికి పనికిరావు. డబ్బాలో దాచుకుంటే వచ్చే టార్టుకు పనికొస్తాయి.