చందాదారుల పద్ధతి మన వ్యాపారమునకు తగునా?

పంట పండించుట మన చేతిలోనున్నను, ధర నిర్ణయించుట మన చేతిలో లేదను మాట ప్రతి గ్రామమునను వినవచ్చుచున్నది. తెల్లవారుజామున గంపలు మార్కెట్టు యార్డునకు చేర్చి, వేలంపాటలో పలికిన ధరకు సరకు వదలి వచ్చిన రైతునకు, పట్టణములో నూరు కుటుంబములవారు ముందుగనే చందా చెల్లించి వారము వారము మన కూరలనే కొన్నచో ఎంత మేలుగ నుండునని తోచుట సహజము. కొన్ని సంఘములవారు ఈ ఆలోచనను కూరగాయలకే కాక పాలకును, యంత్రముల బాడుగకును, పైరు సలహాలకును గూడ వర్తింపజేయగోరుచున్నారు. చందా పద్ధతి మంచిదా చెడ్డదా యని వాదించుటకంటె, ఏ వ్యాపారమునకు అది తగును, దేనికి తగదు అని విచారించుట మనకు లాభకరము.

చందా వేరు, వాటా వేరు

సహకార సంఘములో వాటా చెల్లించినవాడు సంఘమునకు సొంతదారుడు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున నేతపనివారు మొదలగు 28 మంది తలకొక పౌను చొప్పున వాటాధనము కూర్చి చిన్న అంగడి తెరచిరి. ఆ అంగడి లాభనష్టములు వారివే. ఎవరెంత సరకు కొనిరో దానినిబట్టి మిగులును పంచుకొనిరి. చందాదారుడు అట్టివాడు కాడు. అతడు సంఘమును కొనలేదు. సంఘము చేసిన వాగ్దానమును కొన్నాడు.

ఇందుండి ముఖ్యమైన సూత్రమొకటి తేలుచున్నది. చందా సొమ్ము చేతికి వచ్చిన దినమున అది మన రాబడి కాదు, మనపైనున్న ఋణము. పండ్రెండు నెలల చందాలో ఒక్కొక్క నెల సరకు సక్రమముగ అందించిన పిమ్మట పండ్రెండవ వంతు మాత్రమే మన సొత్తగును. ఈ భేదము గుర్తింపక, మొదటి నెలలోనే వచ్చిన సొమ్ముతో గోదాము కట్టుటయు, వ్యాను కొనుటయు జరిగినచో, "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ" మన్నట్లగును.

మొదటి ప్రశ్న: అవసరము మరల మరల కలుగునా?

పాలు ప్రతి ఉదయమును కావలెను. కూరలు వారమునకు రెండు మూడుసార్లు కావలెను. ఇట్టి వానికి చందా చక్కగ నొప్పును. మామిడి పండ్లో, వేసవిలో రెండు మూడు నెలలు మాత్రమే లభించును. మామిడికి ఏడాది చందా పెట్టుట వ్యర్థము. పూత నిలిచి పిందె కనబడిన తరువాత బుట్టల లెక్కన ముందు బయానా తీసికొనిన చాలును. విత్తనములును అట్టివే. కారునకొకసారి కొనువానిని ఏడాది పొడుగున చందాదారునిగ నుంచుట కష్టము.

యంత్రముల బాడుగ సంగతి వేరు. వరికోత యంత్రము ఊరందరకు కావలసినదే గాని, అందరకును ఆ పది పదునైదు దినములలోనే కావలెను. రెండు యంత్రములుంచి రెండువందలమందియొద్ద చందా వసూలు చేసినచో, కోతల వేళ అందరును ఒక్కసారే వచ్చి నిలుతురు. చందా కట్టినవాని పంట వానకు తడిసినచో అతని కోపమునకు అంతుండదు. కావున యంత్రములకు ఎకరమునకింత, గంటకింత యని బాడుగ తీసికొనుటయే యుక్తము. చందా పెట్టదలచినచో, వంతుల పట్టికను ముందుగ వ్రాసి అందరియెదుట చదివి వినిపించిన పిమ్మటనే పెట్టవలెను.

రెండవ ప్రశ్న: ఉచితముగ దొరకని దేమి ఇచ్చుచున్నాము?

ఊరక దొరకు వస్తువునకు ఎవ్వరును రెండవ ఏడు సొమ్ము చెల్లింపరు. పైరు సలహాల విషయమున దీనిని బాగుగ తలపవలెను. వ్యవసాయశాఖవారును, కృషి విజ్ఞాన కేంద్రములవారును సలహాలు ఉచితముగ నిచ్చుచున్నారు. 2004 నుండి కిసాన్ కాల్ సెంటరువారు టెలిఫోనుమీద రైతు ప్రశ్నలకు అతని భాషలోనే, రుసుము లేకయే జవాబు చెప్పుచున్నారు. కాన సామాన్య సలహాలకు చందా అడుగుట తగదు. మన సంఘపు మనిషి వారమున కొకసారి చేనికి వచ్చి, ఆకు త్రిప్పి చూచి, మందు కొట్టవలెనో అక్కరలేదో అచటనే చెప్పినయెడల, అది వేరు సంగతి. ఒక్క అనవసరపు పిచికారీ తప్పినను రైతునకు ఖర్చు కలిసివచ్చును. అట్టి సేవకు చందా ఇచ్చువారుందురు.

కూరల విషయమునను ఇదే న్యాయము. వీధి చివర బండిమీద దొరకు వంకాయనే అదే ధరకు ఇచ్చుటకు చందా యెందులకు? ఆ ఉదయమే కోసినదనియు, ఏ చేనిలో పండినదో, ఏ మందు వాడినదియు చెప్పగలమనియు చూపినప్పుడే పట్టణవాసి ముందుగ సొమ్ము చెల్లించును.

అన్యదేశముల అనుభవము

జపాను దేశమున పురుగుమందుల విషయమై తల్లులు ఆందోళన చెందిన కాలమున, 1971లో అచటి సేంద్రియ వ్యవసాయ సంఘము ఏర్పడెను. ఆ దశకములోనే రైతులును, పట్టణ కుటుంబములును నేరుగ ఒడంబడిక చేసికొను 'తేయికేయి' యను పద్ధతి వ్యాపించెను. 1986లో అమెరికాలోని మసాచుసెట్సు, న్యూ హాంప్‌షైరు రాష్ట్రములందు రెండు క్షేత్రములవారు ఇట్టి పద్ధతినే ఆరంభించిరి. సాగునకు ముందే కుటుంబములు తమ భాగపు సొమ్ము చెల్లించును. పంట వచ్చినప్పుడు భాగము తీసికొనును. పంట హెచ్చిన బుట్ట నిండును. తగ్గిన బుట్ట తగ్గును. కష్టమునందు కొనువాడును పాలుపంచుకొనును. ఇది మొదటనే విడమరచి చెప్పినందుననే ఆ పద్ధతి నిలిచినది.

వేరొక ఉదాహరణము పెద్ద వర్తకమునకు సంబంధించినది. 1976లో కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగరమున 'ప్రైస్ క్లబ్' అను టోకు అంగడి తెరచి, ఏడాది రుసుము చెల్లించినవారికే సరకు అమ్మిరి. 1993లో అది 'కాస్ట్కో' కంపెనీతో కలిసెను. ఆ కంపెనీ సరకుపై స్వల్పలాభమునే వేసికొని, తన లాభములో అధికభాగమును సభ్యరుసుము మూలముననే పొందుచున్నది. ఏటేటా సభ్యులు తిరిగి రుసుము కట్టుచుండుటయే దాని బలము. కొత్తవారు చేరుటకంటె పాతవారు నిలుచుటయే చందా వ్యాపారమునకు ప్రాణము.

మన దేశమున పత్రికలు చందాలమీదనే నడచునని చాలమంది అనుకొందురు. 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక'ను స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారికి అంతకుముందే, 1893 నుండి, అమృతాంజనము వ్యాపారముండెను. ఆ వ్యాపారపు లాభము పత్రికకు ఆధారమయ్యెను. గొప్ప పత్రికకే పక్కబలము అవసరమైనప్పుడు, మన చిన్న సంఘమునకు చందా యొక్కటే చాలునని తలచుట సాహసము. యార్డు అమ్మకమును పూర్తిగ విడువక, పంటలో కొంతభాగము మాత్రమే చందాదారులకు కేటాయింపవలెను.

మూడవ ప్రశ్న: లెక్క కుదురునా?

ఉదాహరణకు, నూరు కుటుంబములకు వారమునకు 5 కిలోల బుట్ట, సంవత్సరమున 40 వారములు ఇత్తుమనుకొందము. బుట్ట 250 రూపాయలైనచో కుటుంబమునకు చందా 10,000. మొత్తము 10 లక్షలు. రైతునకు కిలోకు 28 రూపాయల చొప్పున చెల్లించినచో కుటుంబమునకు 5,600 అగును. కుళ్లు, వాడు నష్టము అందులో పదియవ వంతు, అనగా 560. కుటుంబమొక్కింటికి మిగులు 3,840 రూపాయలు.

ఇక సభ్యులు హెచ్చినను తగ్గినను మారని ఖర్చులు కలవు. బండి బాడుగ వారమునకు 2,500 చొప్పున లక్ష. ఏరి, కట్టి, ఇండ్లకు చేర్చు కూలీలకు 1,20,000. లెక్కలు వ్రాయువానికి 60,000. ఇవి మొత్తము 2,80,000. నూరు కుటుంబములైనచో సంఘమునకు 1,04,000 మిగులును. అరువది కుటుంబములే చేరినచో 49,600 నష్టము. ఏ లాభనష్టములు లేక నిలుచుటకు 73 కుటుంబములు కావలెను.

మొదటి ఏడు నూరుగురు చేరి, రెండవ ఏడు ముప్పదియైదుగురు మానినచో మిగిలినది 65. అనగా చేతి ఖర్చు పడకుండుటకే కొత్తవారు ఎనమండుగురు కావలెను. ఈ అంకెలు మాదిరికి మాత్రమే చూపినవి. మీ ఊరి ధరలు, మీ బండి బాడుగ వేసికొని మీ సంఘమే తిరిగి లెక్క కట్టవలెను.

నాలుగవ ప్రశ్న: మన రైతులు మాటమీద నిలుతురా?

అన్నిటికంటె కఠినమైనది ఈ ప్రశ్న. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టున కిలో టమాటా ధర నూరు రూపాయలు దాటెను. అట్టి దినమున కిలో 28 రూపాయలకు సంఘమునకు ఇచ్చెదనని మాట ఇచ్చిన రైతు ఏమి చేయును? గంపలను యార్డునకు తోలినచో అతనికి ఆ ఒక్కదినపు లాభము దక్కును. పట్టణములో నూరు ఇండ్లకు బుట్టలు వట్టివిగ చేరును. ముందుగ సొమ్ము కట్టినవాడు ఆ అవమానమును మరువడు. మరుసటి యేడు టమాటా ధర పడిపోయి కోతకూలియైన గిట్టని వేళ, ఆ రైతు చందాదారులను వెదకినను కనబడరు.

ధర హెచ్చినప్పుడు మనము వారిని విడువరాదు. ధర పడినప్పుడు వారు మనలను విడువరాదు. చందా యనగా ఈ ఇరువైపుల కట్టుబాటే. ఈ కట్టుబాటునకు మన సభ్యులు సిద్ధముగ లేనిచో, ఎంత లెక్క కుదిరినను చందా పెట్టరాదు. రైతునకు మరీ అన్యాయము జరుగకుండ, యార్డు ధర ఒక మేరను దాటినప్పుడు సంఘపు ధరయు కొంత పెరుగునట్లు, పడినప్పుడు ఒక మేరకు దిగువకు పోకుండునట్లు ముందుగనే వ్రాసికొనుట మేలు.

ఆరంభింపదలచినవారు చేయవలసినవి

మొదట ఏడాది చందా వద్దు. పండ్రెండు వారముల చందాతో, ముప్పది నలుబది కుటుంబములతో పరీక్షింపవలెను. ఇంత కొద్దిమందితో బండిని వారమునకొకమారు పూర్తిగ బాడుగకు తీసికొనుట గిట్టదు. యార్డునకు పోవు బండిలోనే బుట్టలను పంపవలెను.

చందా సొమ్మును బ్యాంకులో వేరు ఖాతాలో నుంచి, వారము గడచినకొలది ఆ వారపు భాగమును మాత్రమే తీయవలెను. సభ్యుడు మధ్యలో మానినచో మిగిలిన సొమ్ము తిరిగి ఇచ్చెదమని రసీదుమీదనే అచ్చువేయవలెను. కోస్తా జిల్లాలలో అక్టోబరు, నవంబరు మాసముల తుపానులకును, అన్నిచోట్ల వేసవిలో ఆకుకూరల కొరతకును ఏమి చేయుదుమో ముందే చెప్పవలెను. సంఘపు నిబంధనావళిలో సభ్యులు కానివారియొద్ద ముందు సొమ్ము తీసికొనుటకు వీలున్నదో లేదో సహకారశాఖవారి నడిగి తెలిసికొనవలెను.

పండ్రెండు వారములు ముగిసిన నాడు ఒక్క అంకె చూచిన చాలును: ఎవరి బలవంతమును లేక ఎందరు మరల చందా కట్టిరి? నలుబదిమందిలో ముప్పదిమంది కట్టినచో వ్యాపారమును పెంచవచ్చును. పదిమందియే కట్టినచో, మిగిలిన సొమ్ము మర్యాదగ తిరిగి ఇచ్చి, యార్డు అమ్మకమునే బాగుపరచుకొనుట ఉత్తమము. అట్లు మానిన సంఘమునకు నష్టము స్వల్పము. పట్టణములో దాని పేరు చెడదు. ఈ విషయమును వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టువారు, పై లెక్కను తమ అంకెలతో కట్టుకొని రావలెను.